రోడ్డు కావాలా, గాలి కావాలా అని మనల్ని అడిగితే



ఈసారి పోస్టు కొంచెం పొడవే. ఓపిగ్గా చదవండి. ఇది స్కాలర్‌షిప్ గురించి కాదు, హాస్టల్ మెస్ గురించీ కాదు. మన తండాకు రావాల్సిన రోడ్డు గురించి, ఆల్రెడీ వచ్చిన దుమ్ము గురించి. ఆఫీసుల్లో ఈ రెండూ వేర్వేరు ఫైళ్లు. రోడ్డు ఫైలు పంచాయతీరాజ్ ఇంజనీర్ల దగ్గరో, ఆర్ అండ్ బీ దగ్గరో ఉంటుంది. గాలి ఫైలు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర, మున్సిపల్ కార్పొరేషన్ దగ్గర ఉంటుంది. ఒక ఫైలు చూసేటోళ్లు ఇంకో ఫైలు తెరవరు. మన ఇంట్లో మాత్రం రెండూ ఒకే పళ్లెంలోకి వచ్చి పడతాయి. లారీ పోతుంది, అన్నం మీద దుమ్ము పడుతుంది.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. రోడ్డుకు డబ్బు కేటాయించేటప్పుడే గాలి సంగతి కూడా తేల్చాలి, ఆ తేల్చేచోట మనం ఉండాలి. ఎందుకంటున్నామో, ఎట్లా ఉండొచ్చో వరుసగా చెప్తాం.

ముందు గాలి ఫైలు చూద్దాం.

కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితా ఒకటి చేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలు అందులో ఉన్నాయి. కర్నూలు ఉంది, కడప ఉంది, పక్కనున్న అనంతపురం, చిత్తూరు కూడా ఉన్నాయి. అంటే రాయలసీమ నాలుగు పాత జిల్లా కేంద్రాలూ జాబితాలోకి ఎక్కినట్టే. విజయవాడ, విశాఖ అంటే ఫ్యాక్టరీలు, ట్రాఫిక్ అనుకుంటాం. మన ఎండు నేల ఊర్లకు ఏమొచ్చింది? వచ్చింది ఎక్కువగా దుమ్మే. గాలిలో తేలే సన్న కణాలను పీఎం 10, పీఎం 2.5 అని కొలుస్తారు. పీఎం 10 ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15 మాత్రమే. పీఎం 10లో పెద్ద కణాలు ముక్కులో, గొంతులో ఆగుతాయి. పీఎం 2.5 ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది.

ఆ కార్యక్రమం కింద వచ్చే డబ్బు దేనికి ఖర్చవుతుంది? ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో దేశం మొత్తం మీద లెక్క తీసింది. ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ము తగ్గించడానికే పోయింది. ఊడ్చే మిషన్లు, నీళ్లు చల్లే బండ్లు, రోడ్డు అంచుల్లో టైల్స్, డివైడర్ల మీద మొక్కలు. పరిశ్రమల పొగ, దుమ్ము అదుపు చేయడానికి పోయింది 1 శాతం కూడా లేదు. రోడ్డు దుమ్ముకు ఖర్చు పెట్టడం తప్పని మేం అనడంలేదు. కానీ ఆ ప్రణాళిక నగరానికి రాసింది, నగరపాలక సంస్థ చేతుల్లో నడిచేది. కడపలో నిరంతరం గాలి కొలిచే కేంద్రం ఉన్నది ఎర్రముక్కపల్లిలో, అంటే టౌన్‌లోనే. నగరం బోర్డు దాటాక దుమ్ము ఆగదు గానీ లెక్క ఆగిపోతుంది. లెక్కలో లేని దుమ్ముకు బడ్జెట్ ఉండదు.

ఇప్పుడు రోడ్డు ఫైలు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశకు 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. 2028-29 వరకు 62,500 కిలోమీటర్లు, 70,125 కోట్ల రూపాయలు. రోడ్డు లేని 25,000 ఆవాసాలకు రోడ్డు వేస్తామన్నారు. ఇందులో మనకు ముఖ్యమైన ఒక గీత ఉంది. మైదాన ప్రాంతంలో జనాభా 500 ఉంటేనే అర్హత. అయిదో షెడ్యూలు ప్రాంతాలు, ఆకాంక్షిత జిల్లాలు, ఆకాంక్షిత బ్లాకులు లాంటి చోట్ల 250 ఉంటే చాలు. కడప ఆకాంక్షిత జిల్లా. కర్నూలు కాదు. మన రాయలసీమలో అయిదో షెడ్యూలు ప్రాంతమే లేదు, అదంతా ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీలోనే ఉంది. అంటే ఏమైంది? 300 మంది ఉన్న సుగాలి తండా కడప జిల్లాలో ఉంటే లెక్కలోకి వస్తుంది. అదే తండా కర్నూలు జిల్లాలో, ఆకాంక్షిత బ్లాకు కాని మండలంలో ఉంటే రాదు. పేదరికం ఒకటే, ఎండ ఒకటే, జిల్లా బోర్డు ఒక్కటే తేడా. మీ మండలం ఆకాంక్షిత బ్లాకుల జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి.

నల్లమల చెంచు గూడేలకు దారి వేరే. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద, 100 మంది ఉన్న ఆవాసానికి కూడా రోడ్డు అడగొచ్చు. ఆ పథకం ప్రత్యేకించి బలహీన గిరిజన సమూహాలకు. మన ప్రాంతంలో చెంచులకు వర్తిస్తుంది. సుగాలి, ఎరుకల, యానాది తమ్ముళ్లకు వర్తించదు.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచి పథకం. కానీ బస్సు వచ్చే రోడ్డు ఉన్న ఊరికే అది పథకం. రోడ్డు లేని తండా అక్క షేర్ ఆటోకు డబ్బు కట్టి మెయిన్ రోడ్డుకు వచ్చినాకనే ఫ్రీ బస్సు ఎక్కుతుంది. ఎలక్ట్రిక్ బస్సుల కేంద్ర పథకంలో కర్నూలు, కడప పేర్లు ఉన్నాయి. అవి కూడా నగరం లోపల తిరిగే బస్సులే.

రెండు ఫైళ్లూ చూశాం కదా. గాలి ఫైలు నగరం హద్దుతో ఆగింది. రోడ్డు ఫైలు జనాభా గీతతో ఆగింది. ఈ రెండింటి నడుమ లారీ ఉంది.

పాత కర్నూలు జిల్లాలో బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు పోతే నాపరాయి, సున్నపురాయి, సిమెంటు. పాత కడప జిల్లాలో ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, కమలాపురం వైపు సిమెంటు, థర్మల్ బూడిద, ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ముగ్గురాయి. ఈ సరుకంతా రైల్లో పోదు. చాలావరకు లారీల్లోనే, పల్లె రోడ్ల మీదనే పోతుంది. పల్లె రోడ్డును ఆటోలకు, ట్రాక్టర్లకు, బస్సుకు లెక్కేసి వేస్తారు. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లకు తెలిసే ఉంటుంది, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెండు రెట్లు కాదు, సుమారు 16 రెట్లు. అందుకే కొత్త రోడ్డు రెండు వానాకాలాలకే గుంతలైపోతుంది. తారు లేచిపోతే కింద మట్టి బయటపడుతుంది. లారీ నుంచి రాలిన పొడి, ఆ మట్టి కలిసి టైర్ల కింద నలిగి పిండి అవుతుంది. తర్వాత ప్రతి బండీ ఆ పిండిని లేపుతుంది. సిమెంటు గోనె మన ఇంటికి రాకపోయినా దాని పొడి మాత్రం రోజూ వస్తుంది.

2024 నవంబరులో రాయలసీమ థర్మల్ ప్రాజెక్టు బూడిద రవాణా మీద జమ్మలమడుగు, తాడిపత్రి నాయకుల మధ్య జరిగిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. లారీలు ఆగిపోయినాయి, పోలీసులు మోహరించినారు, సంగతి ముఖ్యమంత్రి దాకా పోయింది. గొడవ దేని మీద? బూడిద ఎవరి లారీల్లో పోవాల అన్నదాని మీద. ఆ బూడిద ఏ ఊర్ల మీదుగా పోతుంది, టార్పాలిన్ కడుతున్నారా లేదా, దారెమ్మటి పిల్లలు ఏం పీలుస్తున్నారు అన్నది ఎవరి నోటా పెద్దగా వినపడలేదు. అడిగేటోళ్లు ఆ టేబుల్ దగ్గర లేరు కాబట్టి వినపడలేదు.

ఇక్కడ మన ఇండ్లలోనే వినిపించే మాట ఒకటుంది. "దుమ్మైతే ఏం రా, రోడ్డంటూ వస్తే చాలు. కాన్పుకు అంబులెన్సు రావాల. దుమ్ము గురించి అరిస్తే వచ్చే రోడ్డు కూడా ఆపేస్తారు." తండా పెద్దోళ్లు ఈ మాట అంటే మేం కొట్టిపారేయం. డోలీ మోసిన భుజానికి తెలుసు రోడ్డు విలువ. ఇంకో మాట కూడా నిజమే. మన తమ్ముళ్లు చాలామంది ఆ లారీలకే డ్రైవర్లు, క్లీనర్లు. ఆ క్వారీల్లోనే కూలీలు. కర్నూలు పశ్చిమాన పని లేక గుంటూరు మిరప చేన్లకు వలసపోయే కుటుంబాలకు, ఊరి పక్కన క్వారీ కూలి అంటే ఇంటిపట్టున ఉండడం. లారీ మనకు శత్రువు కాదు. డ్రైవరు మనోడే, ఆ దుమ్ము అందరికంటే ముందు పీల్చేది వాడే.

కానీ ఆ మాటలోని బేరం చూడండి. రోడ్డు కావాలంటే గాలి వదులుకో, కూలి కావాలంటే ఊపిరి వదులుకో. ఈ బేరం ఎవరు పెట్టినారు? ఏ చట్టంలోనూ లేదు. రోడ్డు వేసే ఎస్టిమేటులోనే తండా లోపల సిమెంటు రోడ్డు, అంచుల గట్టితనం, లారీలకు ఊరి బయట దారి, వేగం తగ్గించే ఏర్పాటు రాయొచ్చు. టార్పాలిన్ కట్టడానికి కంపెనీ మూతపడదు. తూకం ప్రకారం లోడు ఎత్తితే కూలీల పని పోదు, ఇంకో ట్రిప్పు పెరుగుతుంది. కాబట్టి "రోడ్డా, గాలా" అని మనల్ని ఎవరైనా అడిగితే, ప్రశ్నే తప్పని చెప్పాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. అమెరికాలో 1990లో స్వచ్ఛ గాలి చట్టాన్ని సవరించి ఈ రెండు ఫైళ్లను ముడివేసినారు. గాలి ప్రమాణం తప్పిన ప్రాంతంలో రవాణా ప్రణాళిక వేస్తే, అది గాలి ప్రణాళికకు సరిపోతుందని చూపించాలి. చూపించలేకపోతే కొత్త రోడ్లకు కేంద్ర డబ్బుకు అడ్డం పడుతుంది. ప్రణాళిక ఆమోదించకముందే జనం ముందు పెట్టి అభిప్రాయం తీసుకోవాలి. అక్కడ అంతా బాగుందని కాదు. డబ్బును గాలితో కట్టేస్తే ఆఫీసులు రెండూ ఒక టేబుల్ దగ్గర కూర్చోక తప్పదు, అదే అందులోని తెలివి. మన దగ్గర ఆ ముడి లేదు. ఆ ముడి వచ్చేదాకా, రెండు ఫైళ్ల దగ్గరికీ ఒకే కాగితం పట్టుకొని మనమే పోవాలి.

ఎక్కడెక్కడ పోవచ్చు?

ఏజెన్సీ అన్నదమ్ములకు పెసా చట్టం ఉంది, గ్రామసభకు బలం ఉంది. షెడ్యూలు ప్రాంతం కాని మనకు అది లేదు. 2011 లెక్కల ప్రకారం పాత కర్నూలు జిల్లాలో ఎస్టీలు సుమారు 2 శాతం, కడపలో సుమారు 2.6 శాతం. ఓట్ల లెక్కలో మనం ఎవరికీ కనపడం. తెలంగాణలో 2018లో 500 జనాభా దాటిన తండాలను పంచాయతీలు చేసినారు. ఇక్కడ మన తండాలు చాలావరకు పెద్ద ఊరికి తోకలాగా మజరాలే. కాబట్టి ఉన్న నాలుగు తలుపులనూ గట్టిగా తట్టాలి.

మొదటి తలుపు గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు తీర్మానించినారు. ఆ తర్వాత అక్టోబరు పల్లె పండుగలో సిమెంటు రోడ్లు మొదలైనాయి. అంటే సభలో రాసిన పేరు రోడ్డవుతుంది. సభ పెద్ద ఊర్లో జరిగితే తండా నుంచి పది మంది కదలాలి. తీర్మానం పుస్తకంలో తండా పేరు రాసేదాకా లేవొద్దు.

రెండోది గ్రామ సడక్ రోడ్డు వేసేముందు జరిగే నడక. దారి ఖరారు చేసేముందు ఇంజనీరు, పంచాయతీ వాళ్లు, ఊరి జనం కలిసి ఆ దారి పొడుగునా నడవాలని పథకం నిబంధన. ఎవరి పొలం పోతుంది, నీళ్లు ఎటు పోతాయి, స్కూలు ఎక్కడుంది అన్నీ అప్పుడే చెప్పాలి. దుమ్ము సంగతీ అప్పుడే చెప్పాలి. రోడ్డు పడినాక అయిదేండ్లు దాన్ని బాగు చేయాల్సింది కాంట్రాక్టరే. గుంత పడితే మేరీ సడక్ యాప్‌లో ఫోటో పెట్టండి.

మూడోది జిల్లా ఖనిజ ఫౌండేషన్. 2015 గనుల చట్ట సవరణతో వచ్చింది. పాత లీజుల నుంచి రాయల్టీ మీద 30 శాతం, 2015 జనవరి 12 తర్వాత వేలంలో ఇచ్చిన లీజుల నుంచి 10 శాతం ఇందులో పడుతుంది. గని వల్ల నష్టపోయిన జనం కోసమే ఈ డబ్బు. అందులో పెద్ద వాటా తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నివారణ లాంటి వాటికే పోవాలి. రోడ్లు ఆ తర్వాతి చిన్న వాటాలో వస్తాయి. మొదటి మార్గదర్శకాల్లో ఆ పెద్ద వాటా కనీసం 60 శాతం. ఏ పనికి ఎంత ఇచ్చినారో వెబ్‌సైట్‌లో పెట్టాలి. పెట్టకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, అర్జీ ఫీజు పది రూపాయలు. ప్రశ్న సింపుల్‌గా రాయండి: గత మూడేండ్లలో మా మండలంలో ఖనిజ నిధితో కాలుష్య నివారణకు ఏ పని చేసినారు, ఏ తండాలో, ఎంత ఖర్చుతో?

నాలుగోది ప్రజాభిప్రాయ సేకరణ. పెద్ద గని, సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలన్నా పెంచాలన్నా 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఇది జరగాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో చూసుకోవచ్చు. సభను వీడియో తీయాలి. చివర్లో ఎవరేం చెప్పినారో తెలుగులో చదివి వినిపించాలి. ఒక ముఖ్యమైన సంగతి, ఈ సభకు కోరం లేదు. ఇంతమంది రావాలన్న నియమమే లేదు. మనం పోకపోయినా సభ జరిగినట్టే లెక్క. మనం లేని సభలో మన మౌనం కూడా ఫైలులోకి ఎక్కుతుంది. మైకు దొరకకపోతే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సరుకు ఏ రోడ్డు మీద పోతుంది, రోజుకు ఎన్ని లారీలు, ఆ రోడ్డు పక్కన ఎన్ని తండాలు అన్న మూడు ప్రశ్నలు ప్రతి సభలో వేయాలి.

చెంచు గూడేలకు ఇంకో తలుపు ఉంది. అటవీ హక్కుల చట్టం 3(2) ప్రకారం రోడ్డు, బడి, అంగన్‌వాడీ లాంటి వాటికి గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. అడవిని కాపాడుకుంటూనే దారి అడిగే హక్కు అది.

ఉత్త చేతులతో పోతే "సరే చూస్తాం" అని పంపించేస్తారు. దుమ్ము కొలిచే మిషను మన దగ్గర లేదు గానీ లెక్కపెట్టే వేళ్లున్నాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు వారంలో ఒక పనిరోజు, ఒక ఆదివారం ఎంచుకోండి. పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా ఇద్దరిద్దరు వంతులేసుకొని కూర్చోండి. గంటకు ఎన్ని లోడు లారీలు, అందులో టార్పాలిన్ కట్టినవి ఎన్ని, కట్టనివి ఎన్ని. రోడ్డుకు యాభై అడుగుల లోపల ఎన్ని ఇండ్లు, బడి ఉందా, అంగన్‌వాడీ ఉందా, నీళ్ల తొట్టి ఉందా. తేదీ వేసి నోట్‌బుక్కులో రాసి, చూసినోళ్లు సంతకాలు పెట్టండి. లారీలను ఆపొద్దు, డ్రైవర్లతో గొడవ పడొద్దు. మన పని లెక్క మాత్రమే.

ఆ లెక్క పైన ఒక పేజీ అర్జీ రాయండి. అడిగేవి నాలుగే ఉండాలి. ఒకటి, తండాకు రోడ్డు, తండా హద్దులో సిమెంటు రోడ్డు. రెండు, లోడు లారీకి టార్పాలిన్, తూకం, ఊర్లో వేగ పరిమితి. మూడు, కాలుష్య నియంత్రణ మండలి మా తండాలో కొన్ని రోజులు గాలి కొలవాలి, ఫలితం తెలుగులో బోర్డు మీద పెట్టాలి. నాలుగు, దీనికయ్యే ఖర్చు ఖనిజ నిధి నుంచి ఇవ్వాలి. నీళ్లు చల్లుతామని అంటే జాగ్రత్త. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. తాగడానికి ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకొని కూర్చునే తండా ముందర రోడ్డు మీద ట్యాంకరు పోయడం పరిష్కారం కాదు. రోడ్డు గట్టిగా ఉంటే, లోడు కప్పి ఉంటే దుమ్ము అసలు పుట్టదు.

అదే అర్జీని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఒక కాపీ పంచాయతీరాజ్ ఇంజనీరుకు, ఇంకోటి కాలుష్య నియంత్రణ మండలి కర్నూలు లేదా కడప ప్రాంతీయ కార్యాలయానికి, ఇంకోటి గనుల శాఖకు. నాలుగు ఆఫీసుల్లో ఒకే కాగితం ఉంటే "అది మా పరిధి కాదు" అనే మాట కొంచెం కష్టమవుతుంది. రసీదు నంబర్లు జాగ్రత్తగా దాచుకోండి.

ఒక్క అర్జీతో రోడ్డు రాదు, దుమ్ము పోదు. ఆ సంగతి మనందరికీ తెలుసు. కానీ రెండు జిల్లాల్లో ఇరవై తండాల నుంచి ఒకే రకం లెక్క, ఒకే నాలుగు కోరికలతో పోతే అది ఒక తండా గోడు కాదు, ఒక ప్రణాళిక. ప్రణాళిక రాసేది పెద్ద ఆఫీసర్లే కానక్కర్లేదు. డిగ్రీ చదివే మనం, లెక్క రాయడం వచ్చిన మనం, మన అమ్మానాన్నలు చెప్పలేకపోయిన మాటను కాగితం మీద పెట్టగలం.

ఈ నెల సెలవుల్లో మొదలుపెడదాం. మీ తండాలో పెద్దమనుషులకు ఇది చదివి వినిపించండి, వాళ్లు ఒప్పుకోని మాట ఉంటే అది కూడా రాసి పంపండి. లెక్క పూర్తయినోళ్లు తండా పేరు, మండలం, తేదీ చెప్తే అర్జీ రాయడానికి మేం కూర్చుంటాం.